పెరుమాళ్ళకెరుక

తెలుగువారి వాడుకలో ‘పెరుమాళ్ళకెరుక’ అనే పలుకుబడి ఒకటి ఉంది. ఇందులో రెండు భాషలు కలిశాయి. ‘పెరుమాళ్’ తమిళం నుంచి వచ్చిన దైవనామం. ‘ఎరుక’ అచ్చతెలుగు మాట. దీని ధాతువు ‘ఎఱుగు’ తమిళ ‘అఱి’కి జ్ఞాతి. మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న కమ్మ, బలిజ, దేవాంగ, అరుంధతీయ తదితర తెలుగు కుటుంబాల విశ్వాసాన్ని పరిశీలించడానికి ఈ మాటతో మొదలుపెట్టవచ్చు.

ఈ పలుకుబడికి రెండు అర్థచ్ఛాయలున్నాయి. ‘వాన వస్తుందో రాదో పెరుమాళ్ళకెరుక’ అన్నప్పుడు అది సందేహం. నాకు తెలియదు, మరెవరికీ తెలియదు అని భావం. ‘నేను పడిన పాట్లు పెరుమాళ్ళకెరుక’ అన్నప్పుడు సంగతి వేరు. ఆ పాట్లు నాకు బాగా తెలుసు, వినేవారే లేరు. ఇక్కడ దేవుడు సాక్షి. కష్టం తీరిందని కాదు, అది ఒకరి దృష్టిలో ఉన్నదనే ఊరట. ఇరుగుపొరుగుతో మరో భాషలో మాట్లాడవలసిన వలస కుటుంబాలకు ఈ రెండో అర్థం ఎంత అవసరమో ఊహించవచ్చు.

మదురైలో ఈ భావం అమ్మవారి పేరులోనే ఉంది. 1529 ప్రాంతంలో మొదలై 1736 దాకా సాగిన నాయకరాజుల పాలనలో అనేక తెలుగు కుటుంబాలు ఈ సీమలో స్థిరపడ్డాయి. మీనాక్షి అంటే చేపకన్నుల తల్లి. కావ్యదృష్టితో చూస్తే ఇది సౌందర్యవర్ణన. భక్తులు చెప్పే అర్థం మరొకటి. పక్షి తాకి, తాబేలు తలచి, చేప చూసి తమ గుడ్లను పొదుగుతాయని పెద్దలంటారు. ఇది జీవశాస్త్రం కాదు, దైవరక్షణకు మూడు పోలికలు. చేపకు రెప్పపాటు లేదు. అమ్మ చూపు కూడా అటువంటిదేనని తాత్పర్యం.

చూస్తూ ఉంటే చాలునా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. మదురై స్థలపురాణం చెప్పే 64 శివలీలల్లో ఒకటి దీనికి సమాధానంగా కనిపిస్తుంది. వైగై నదికి వరద వచ్చింది. గట్టు వేయడానికి ఇంటికొక మనిషి రావాలని పాండ్యరాజు ఆజ్ఞ. పిట్టు అమ్ముకొని బతికే వంది అనే ముసలమ్మకు పంపడానికి ఎవరూ లేరు. శివుడే కూలివాడుగా వచ్చాడు. పొడి అయి రాలిన పిట్టే కూలి. తిన్నాడు, ఆడాడు, పడి నిద్రపోయాడు. రాజు బెత్తంతో కొట్టగా ఆ దెబ్బ రాజుతో సహా సకల ప్రాణుల మీదా పడింది. ముసలమ్మ కష్టం ఎరిగినవాడు దూరాన నిలవలేదు, ఆమె వంతు దెబ్బ తాను తిన్నాడు. ఏటా ఆవణి మాసంలో మదురైలో ఈ పిట్టు ఉత్సవం జరుగుతుంది.

కోయంబత్తూరు దేవాంగులది మరో తీరు. నేత కులవృత్తిగా గల వీరిలో కన్నడం మాట్లాడేవారూ, తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. కులదైవం చౌడేశ్వరి. రాజవీధి చౌడేశ్వరి గుడికి సంబంధించిన విజయదశమి ఊరేగింపులో భక్తులు కత్తులతో ఒంటిని గాయపరచుకొంటూ ‘వేసుకో, తీసుకో’ అని కేకలు వేస్తారు. ఈ ఆచారం మంచిచెడ్డలు వేరే చర్చ. భాషాపరంగా గమనించవలసింది ఆ ‘తీసుకో’. చుట్టూ తమిళం, అనేకుల ఇళ్ళలో కన్నడం, కేకలో మాత్రం తెలుగు క్రియ. అందులో కష్టాన్ని వర్ణించడం లేదు. తెలిసిన తల్లికి వివరించే పని లేదు, అప్పగిస్తే చాలు.

తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడిలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి రాని యువతీయువకులు ఇక్కడ ఎందరో. ‘మాది సరైన తెలుగు కాదు’ అని వారు సంకోచిస్తుంటారు. కానీ ఆ ఇంటి తెలుగులోనే వారి అవ్వలు తమ బాధను దేవుడితో చెప్పుకొన్నారు. ఆ మాటలు ఏ నిఘంటువులోనూ దొరకకపోవచ్చు. విద్యార్థులు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాటిని అడిగి రాసుకోవాలి, తమిళ లిపిలోనైనా సరే.