సముద్ర సంరక్షణలో విశ్వవిద్యాలయాల పాత్ర

భూగోళం మీద నూటికి 71 వంతులు సముద్రమే. ఈ మాట చిన్న తరగతుల నుంచీ చదువుతున్నాం, పరీక్షల్లో రాస్తున్నాం. రాసి మరిచిపోతున్నాం. ఎందుకంటే సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళ సంగతి, మనకెందుకులే అనుకుంటాం. మన హాస్టల్లో సముద్రం చూడని తమ్ముళ్ళు కూడా చాలామంది ఉంటారు. కానీ మిత్రులారా! మన పొలాల్లో కురిసే తొలకరి సముద్రం మీదుగా వచ్చే మేఘాలదే. భూమి మీద తయారయ్యే ప్రాణవాయువులో దాదాపు సగం సముద్రంలో తేలే, కంటికి కనపడని మొక్కల వల్లే తయారవుతోంది. మనిషి వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతును సముద్రం తనలో కలుపుకుంటోంది. భూమి వేడెక్కడం వల్ల పెరిగిన అదనపు వేడిలో నూటికి 90 వంతులకు పైగా మోస్తున్నదీ సముద్రమే. అంత మోసే దానికి మనం ఏం చేస్తున్నాం, మన విశ్వవిద్యాలయాలు ఏం చేయగలవు అన్నదే ఈ వ్యాసం.

నేను ఈ హాస్టల్లో చదివి, ఇప్పుడు సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. మా ఇంట్లో డిగ్రీ చేతికి వచ్చింది నాకే మొదట. మా నాన్న రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్తారు. ఈ చదువులో చేరానని చెప్పినప్పుడు మా అమ్మ "చేపలు పట్టడానికి కూడా కాలేజీ ఉంటదా నాయనా?" అని నవ్వింది. పట్టడానికి అక్కర్లేదు. రేపు కూడా పట్టుకోవడానికి చేపలు మిగలాలంటే మాత్రం చదువు కావాలి.

మన తీరానికి వచ్చిన కష్టాలు

పాత లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఎక్కడికక్కడ సమస్యలు వేరు. ఒకచోట మడ అడవులు కొట్టేసి చెరువులు తవ్వారు. ఒకచోట ఊళ్ళ మురుగు, ఫ్యాక్టరీల నీరు కాలువల ద్వారా సముద్రంలో కలుస్తోంది. ఉప్పాడ దగ్గర సముద్రం ఏటేటా ఊరిని కోసుకుపోతోంది. మరపడవల వలల్లో చిక్కి తాబేళ్ళు చనిపోయి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. తెగి నీళ్ళలో ఉండిపోయిన నైలాన్ వలలు, పట్టే మనిషి లేకపోయినా చేపల్ని చంపుతూనే ఉంటాయి.

మరో వైపు మన తీరంలో విశ్వవిద్యాలయాలకు కొదవ లేదు. ఎచ్చెర్లలో ఒకటి, విశాఖలో ఒకటి, రాజమహేంద్రవరంలో ఒకటి, మచిలీపట్నంలో ఒకటి, నెల్లూరులో ఒకటి ఉన్నాయి. ఇవి కాక ప్రతి తీర పట్టణంలో డిగ్రీ కాలేజీలున్నాయి. ఇవన్నీ పూనుకుంటే చేయగలిగిన పనులు ఐదు చెబుతాను.

మొదటిది: ఏళ్ళ తరబడి కొలవడం

సముద్రం బాగుందా లేదా అని ఒక్క రోజు చూసి చెప్పలేం. జ్వరం వచ్చిన మనిషికి పూటపూటా చూసినట్టు, సముద్రానికి ఏడాదికేడాది చూడాలి. ఈ పనిలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి గొప్ప చరిత్ర ఉంది. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ గారు అతిథి ఆచార్యులుగా విశాఖ వచ్చారు. ఆచార్య సి. మహదేవన్ గారి ప్రోత్సాహంతో, నౌకాదళం ఇచ్చిన ఓడల మీద విద్యార్థులను తీసుకెళ్ళి బంగాళాఖాతం నీటి వేడిమిని, ఉప్పదనాన్ని, లోతును కొలిచారు. ఎండాకాలం ముందు వీచే గాలులు తీరం దగ్గరి పైనీటిని లోపలికి నెడితే, అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుందని ఆ రోజుల్లోనే గుర్తించారు. ఆ నీరు చేనుకు ఎరువు లాంటిది. అది వచ్చిన చోట చేపలకు మేత పెరుగుతుంది.

ఆనాటి కొలతలు ఉండబట్టే ఈనాటి వేడిని దేనితోనైనా పోల్చగలుగుతున్నాం. ఇవాళ మనం కొలిచి రాసిపెడితేనే యాభై ఏళ్ళ తర్వాతి వాళ్ళకు పోల్చుకోవడానికి ఏదైనా ఉంటుంది.

దీనికి పెద్ద ఓడలే అక్కర్లేదు. చేపల రేవులో స్కేలు, తక్కెడ పట్టుకుని నిలబడ్డా చాలు. వంజరం, కానాగంత, కవ్వలు ఏ నెలలో ఎంత పొడవున్నవి వస్తున్నాయి, కడుపులో గుడ్లు ఉన్నాయా అని రాసుకోవాలి. ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకముందే చిన్నవాటిని పట్టేస్తుంటే ఆ చేప తరిగిపోతోందని అర్థం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉన్నది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో పెట్టుకునే. 2015కు ముందు అది 47 రోజులే. ఆ రోజులు సరైనవేనా, చాలుతున్నాయా అని చెప్పాలంటే ఇలాంటి లెక్కలే ఆధారం.

రెండవది: వైద్యం కనిపెట్టడం, దాన్ని మళ్ళీ పరీక్షించడం

మడ అడవి పోయిందంటే వెంటనే మొక్కలు నాటి ఫోటో దిగుతాం. చాలాచోట్ల ఆ మొక్కలు బతకవు. కారణం ఏమిటంటే, చెట్లు నరికిన నేల ఎండి కుంగి పల్లమవుతుంది. పోటు నీరు అందులో నిలిచిపోయి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పుకు మడ మొక్క కూడా తట్టుకోలేదు. అందుకని ముందు కాలువ తవ్వాలి. పెద్ద కాలువ ఒకటి, దానికి అటూ ఇటూ చేపముల్లు ఆకారంలో పిల్లకాలువలు. పోటుకు నీరు వచ్చి, ఆటుకు వెళ్ళిపోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు నాటినవి నిలుస్తాయి. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖలు కలిసి ఈ పద్ధతిని తమిళనాడులోనూ, మన గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ అమలు చేశాయి. కారణం తెలుసుకుని చేసే పనికీ, తెలియక చేసే పనికీ తేడా ఇంతే.

ఇంకో ఉదాహరణ. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయ పరిశోధకులు పరంగిపేట తీరంలో 18 పల్లెలను పరిశీలించి, మడ అడవుల వెనుక ఉన్నచోట నష్టం తక్కువని 2005లో ప్రకటించారు. మరుసటి ఏడాది వేరే శాస్త్రవేత్తలు అవే అంకెలను మళ్ళీ లెక్కించి, ఊరు సముద్రానికి ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నవే ముఖ్యమని, చెట్ల పాత్ర తక్కువని వాదించారు. ఇందులో ఒకరు గెలిచి ఒకరు ఓడారని కాదు. చేపపిల్లలకు, పీతలకు, ఒడ్డు కోతను తగ్గించడానికి మడ అడవులు తప్పకుండా కావాలి. కానీ "చెట్లున్నాయి, నిశ్చింతగా పడుకోండి" అని ఒడ్డున ఉన్న పేదలకు చెప్పకూడదు. వాళ్ళకు హెచ్చరిక అందాలి, ఎక్కడానికి మెరక ఉండాలి. మంచి మాటైనా సరే పరీక్షించి చూసే అలవాటు విశ్వవిద్యాలయంలోనే నేర్చుకుంటాం.

మూడవది: తెలిసినదాన్ని ఒడ్డుకు చేర్చడం

హైదరాబాదులో సముద్రం లేదు. అయినా సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం, ఇన్‌కాయిస్, 1999లో అక్కడే స్వతంత్ర సంస్థగా ఏర్పడింది. ఉపగ్రహాల ద్వారా నీటి వేడిమి, రంగు చూసి, చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు తెలుగులో కూడా చెబుతుంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడి నుంచే వస్తున్నాయి. శాస్త్రం ప్రజల భాషలో చెబితే ఎంత ఉపయోగమో దీన్నిబట్టి తెలుస్తుంది. మరి మన విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలన్నీ ఇంగ్లీషులో బీరువాల్లో ఉంటే ఏం లాభం? ప్రతి గ్రంథానికీ నాలుగు పేజీల తెలుగు సారాంశం రాసి, ఆ పని జరిగిన ఊరి పంచాయతీలో చదివి వినిపించాలన్న నిబంధన పెడితే బాగుంటుంది.

చెప్పడమే కాదు, వినడం కూడా ఉండాలి. తాబేళ్ళ సంగతే చూడండి. ఆలివ్ రిడ్లే తాబేలు ఊపిరి పీల్చడానికి నీటి పైకి రావాలి. గంటల తరబడి లాగే వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. వలకు చువ్వల చట్రం బిగిస్తే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు తప్పించుకుంటుంది. కానీ చేపలు కూడా పోతాయేమోనని మత్స్యకారుల భయం. అది న్యాయమైన భయమే. పరిశోధక విద్యార్థులు ఆ పడవల్లోనే వెళ్ళి, చట్రం ఉన్న వలలో ఎంత, లేని వలలో ఎంత పడిందో వాళ్ళ కళ్ళ ముందే తూచి చూపాలి. ఈ చట్రాలు సరిగా వాడటం లేదని 2019లో అమెరికా మన దేశపు సముద్ర రొయ్యల కొనుగోలు ఆపింది. చెరువు రొయ్యలకు ఆ నిషేధం వర్తించలేదు. తాబేలు బతుకూ, వేటగాడి బతుకూ ఒకే వలలో ఉన్నాయి.

నాలుగవది: తగువుల్లో నిజం చెప్పడం

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో వాటి నియంత్రణకు చట్టం వచ్చింది. చట్టం ఢిల్లీలో ఉంటుంది, చెరువు ఊళ్ళో ఉంటుంది. చెరువులన్నీ మూసేయమంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు. చెరువు మురుగు ఇష్టమొచ్చినట్టు కాలువలోకి వదిలితే, ఆ కాలువలో పీతలు పట్టుకు బతికే పక్కపేట వాళ్ళ పొయ్యి వెలగదు. ఈ తగువు నినాదాలతో తీరేది కాదు. కాలువ నీటిలో ప్రాణవాయువు ఎంత, అమ్మోనియా ఎంత, ఏ చెరువు దగ్గర పెరుగుతోంది అని ఎవరి పక్షమూ కాని వాళ్ళు నెలనెలా కొలిచి, బోర్డు మీద రాసి పెట్టాలి. నీటిలో ప్రాణవాయువు కొలిచే పద్ధతి డిగ్రీ ప్రాక్టికల్స్‌లోనే ఉంది. రికార్డు పుస్తకం కోసం కుళాయి నీటితో చేసే ఆ పరీక్షను కాలువ నీటితో చేస్తే ఊరికి పనికొస్తుంది.

దీనికి ముందు విశ్వవిద్యాలయం తన ఇల్లు చక్కదిద్దుకోవాలి. తన హాస్టళ్ళ మురుగు శుద్ధి చేయకుండా, తన క్యాంటీన్ ప్లాస్టిక్ గెడ్డల్లోకి పోనిస్తూ ఊరికి నీతులు చెబితే ఎవరూ వినరు.

ఐదవది: తలుపులు తెరవడం

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. గాలి వాసన చూసి వాన చెప్పగలిగే వాళ్ళు, నీటి రంగు చూసి చేప పేరు చెప్పగలిగే వాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. సముద్రంలో విలస, గోదావరి ఎక్కితే పులస అని ఒకే చేపకు రెండు పేర్లు పెట్టి దాని ప్రయాణాన్ని గుర్తుపెట్టుకున్నది వాళ్ళే. వాళ్ళ పిల్లలు ప్రయోగశాలల్లో ఎంతమంది ఉన్నారు? సముద్ర శాస్త్రం చదవాలంటే పడవ ఖర్చు, క్షేత్ర పర్యటన ఖర్చు, రాత్రిళ్ళు బస ఖర్చు ఉంటాయి. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మొదట మానేసేది మనలాంటి వాళ్ళమే. అందుకని విశ్వవిద్యాలయాలు పర్యటన ఖర్చు తామే భరించాలి. తీర గ్రామాల పిల్లలకు వేసవిలో శిక్షణ ఇవ్వాలి. అనుభవం ఉన్న మత్స్యకారులను పిలిచి, గౌరవ పారితోషికం ఇచ్చి, తరగతిలో పాఠం చెప్పించాలి.

తమ్ముళ్ళకు నా మనవి. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవాళ్ళకు డాక్టర్ సీటు ఒక్కటే దారి కాదు. ముత్తుకూరు కళాశాలలో మత్స్య శాస్త్ర డిగ్రీ ఉంది, దానికి ఎంట్రన్సు ద్వారానే ప్రవేశం. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్ళు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రంలో చేరవచ్చు. ఎంపీసీ వాళ్ళకూ చోటుంది. అలలు, ఆటుపోట్లు, ఉపగ్రహ చిత్రాలు అన్నీ లెక్కలే. లా చదివేవాళ్ళకు తీర చట్టాలున్నాయి. తెలుగు బాగా రాసేవాళ్ళు ఈ శాస్త్రాన్ని మన భాషలోకి తేవచ్చు. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు ఏడాదికి ఒక్క విద్యార్థి పర్యటన ఖర్చు పెట్టుకున్నా, మన హాస్టల్ నుంచి ఒక సముద్ర శాస్త్రవేత్త తయారవుతాడు. దరఖాస్తులు, తేదీల సంగతి కావాల్సిన వాళ్ళు వార్డెన్ గారి ద్వారా నాకు కబురు చేస్తే, వచ్చి కూర్చుని దగ్గరుండి నింపిస్తాను.