లయ తప్పిన గుండెకు కొత్త మందొక్కటే దారి కాదు

గుండె లయను చూపించే స్మార్ట్ వాచీలు వచ్చాక ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే పేరు డాక్టర్ల గదులు దాటి బయటికొచ్చింది. ఈ జబ్బులో గుండె పై గదులు (కర్ణికలు) సరిగ్గా ముడుచుకోకుండా అదురుతూ ఉంటాయి. ఎడమ కర్ణికకు అంటుకుని ఉండే చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. ఆ ముప్పు మామూలు వాళ్లకన్నా దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. దడ, ఆయాసం కొందరిలోనే కనిపిస్తాయి, మరెందరికో ఏమీ తెలియదు. కాబట్టి జబ్బును ముందే పట్టుకోవాలనుకోవడం సబబే. అయితే మన దేశంలో ఈ జబ్బు ఎవరిని పీడిస్తోందో చూడకుండా పరికరాల గురించీ కొత్త మందుల గురించీ మాట్లాడుకుంటే, ఎక్కువ ఆపదలో ఉన్న మనిషే మన లెక్కలోంచి తప్పిపోతుంది.

తప్పిపోతుంది అని స్త్రీలింగంలో కావాలనే రాస్తున్నాను. సంపన్న దేశాల్లో ఇది ఎక్కువగా 65 దాటినవాళ్ల జబ్బు. మన దగ్గర వాళ్లకు తోడు మరో వర్గం ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి, ఏళ్ల తర్వాత గుండెలోని మైట్రల్ కవాటం సన్నబడినవాళ్లు వీళ్లు. అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్ హృద్రోగ నిపుణుడైన గణేశన్ కార్తికేయన్ ముందుండి నడిపినవారిలో ఒకరైన ఇన్విక్టస్ పరిశోధన ఇలాంటి రోగుల మీదే జరిగింది. 24 దేశాల్లో 4,500 మందికి పైగా పాల్గొన్నారు. సగటు వయసు 50, నూటికి 72 మంది స్త్రీలు. రక్తం పలచబరిచే కొత్త మందు రివరాక్సబాన్ పాతదానికి తీసిపోదనుకున్నారు. 2022లో ఫలితం తలకిందులుగా వచ్చింది. కొత్త మందు వాడినవాళ్లలో 552 మంది, వార్ఫరిన్, ఎసిట్రోమ్ కోవకు చెందిన పాత మందులు వాడినవాళ్లలో 442 మంది చనిపోయారు. తీవ్ర రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

పాత మందుకు పదేపదే ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసేది) కావాలి, బీహార్ నుంచి ఢిల్లీకి రైలెక్కి వచ్చే మనిషికి అదెలా సాధ్యమని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పరిశోధనలో మొదట మూడోవంతు మందికే ఐఎన్ఆర్ అదుపులో ఉంది, తర్వాత కూడా సుమారు 65 శాతం మించలేదు. అయినా పాత మందే గెలిచింది. ఇంట్లో చేయాల్సిందీ కష్టమేమీ కాదు. పాలకూర, తోటకూర మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం అసలు ముట్టకపోతేనే ఐఎన్ఆర్ అటూ ఇటూ అవుతుంది. మైట్రల్ కవాటం బాగా సన్నబడకుండా, లోహపు కవాటమూ లేకుండా ఉన్నవాళ్లకు మాత్రం కొత్త మందులే మేలు. లయను సరిచేసే అబ్లేషన్ కూడా తగినవాళ్లకు మంచి చికిత్సే. అది చేయించుకున్నంత మాత్రాన రక్తం పలచబరిచే మందు ఆపేయకూడదు.

ఇక వాచీ. అమెరికాలో 4,19,297 మంది పెట్టుకుని చూస్తే, లయ తప్పిందన్న హెచ్చరిక అందింది 0.52 శాతానికే. ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది వయసులో చిన్నవాళ్లు. డెన్మార్క్‌లో చర్మం కింద పరికరం అమర్చి వెతికితే జబ్బు మూడు రెట్లు ఎక్కువగా బయటపడింది గానీ, పక్షవాతాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వెతకాల్సింది ముప్పు ఉన్నచోట. బీపీ చూసిన ప్రతిసారీ 65 దాటినవాళ్లకూ, కవాటం జబ్బున్న ప్రతి మహిళకూ బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు నాడి చూడాలి. తడబడితే ఈసీజీ తీయాలి. పాత మందు వాడేవాళ్లకు వేలి కొసన ఒక్క చుక్క రక్తంతో నిమిషాల్లో ఐఎన్ఆర్ చెప్పే యంత్రాలున్నాయి. ప్రభుత్వం డబ్బు ముందుగా పెట్టాల్సింది ఆ యంత్రాలను ఎయిమ్స్‌కు రోగులను పంపే జిల్లా ఆస్పత్రులకు చేర్చడానికే.