మంచుబండి కుక్కను పెంచదలచినవారికి

నీలికన్నులు, తోడేలు ముఖము, ఒత్తయిన బొచ్చు చూచి ముచ్చటపడి సైబీరియన్ హస్కీ పిల్లను కొని తెచ్చుకొనువారు మన నగరములలోను కనబడుచున్నారు. తెచ్చిననాడు ఇంటిల్లిపాదికి పండుగ. ఏడాది తిరుగునప్పటికి అదే కుక్కపై ఫిర్యాదులు: పిలిచిన రాదు, పెరడంతయు త్రవ్వుచున్నది, గొలుసు పట్టినవానిని వీధి చివరకు ఈడ్చుకొని పోవుచున్నది, క్రొత్తవాడు వచ్చినను తోక ఆడించుచున్నది. ఈ నేరములన్నియు దాని పూర్వులు చేసిన ఉద్యోగమునకు కావలసిన యోగ్యతలే యని మేము చెప్పదలచితిమి.

ఆసియా ఖండపు ఈశాన్యపు చివర, సైబీరియాలో, చుక్చీలను జనులు కలరు. వారీ కుక్కలను తరతరములుగా మంచుబండ్లు లాగుటకై పెంచిరి. కొద్ది తిండి తిని, తేలికపాటి బరువును దినమెల్ల అలయక దూరము లాగుకొని పోగల కుక్క వారికి కావలెను. నేటికిని ఈ జాతి మగకుక్క తూకము 20, 27 కిలోల నడుమనే ఉండును. ఆడుది ఇంకను తేలిక. 1909 నాటి పందెమునకై వీనిని అలాస్కాలోని నోము పట్టణమునకు తెచ్చినపుడు, ఇంత చిన్నకుక్కలు ఏమి పరుగెత్తునని చూచినవారు నవ్విరట. 1910లో ఆ పందెమును గెలిచినవి ఈ చిన్నకుక్కలే.

1925 జనవరిలో అదే నోములో కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, వ్యాపించినది. సముద్రము గడ్డకట్టి ఓడలు నిలిచిపోయినవి. మందు నెనానా వరకు రైలులో వచ్చెను. అచ్చటినుండి సుమారు 1,085 కిలోమీటర్ల దారిలో 20 మంది బండివారు ఒకరినుండి ఒకరు అందుకొనుచు, అయిదున్నర దినములలో దానిని చేర్చిరి. లియొన్‌హార్డ్ సెప్పాలా బండికి ముందు నడచిన టోగో అందరికంటె ఎక్కువ దూరము పోయినది. కడపటి మజిలీలో గున్నార్ కాసెన్‌కు మంచుతుపానులో తన బండి కుక్కలే కనబడలేదు; దారి తప్పక నడిపినది బాల్టో. ఆ సంవత్సరమే న్యూయార్కు సెంట్రల్ పార్కులో బాల్టోకు విగ్రహము నిలిపిరి. టోగోకు రావలసిన కీర్తి బాల్టోకు పోయినదని సెప్పాలా నొచ్చుకొనెను. ఆయన పక్షమే న్యాయమని మాకును తోచును.

ముందు నడచు కుక్క యజమాని మాటను గ్రుడ్డిగా వినరాదు. పాదము క్రింద మంచు పలుచగానున్నచో 'పద' అన్నను అది ఆగవలెను. ఆగనిచో బండియు మనిషియు నీటిపాలగుదురు. పిలిచిన వెంటనే రాని కుక్కలో ఉన్నది ఆ స్వంతబుద్ధియే. దానిని కొట్టి మార్చజూచుట వ్యర్థము. చిన్ననాటినుండి ఓర్పుతో, చిరుతిండి ఆశ చూపి నేర్పిన కొంత నేర్చును. ఎంత నేర్చినను బహిరంగస్థలమున గొలుసు విప్పరాదు. పరుగు ఎత్తుకొన్నదా, వెనుదిరిగి చూడదు. పిల్లిని, కోడిని చూచినచో వేటబుద్ధి మేల్కొనును. ప్రహరీ ఆరడుగులైనను ఉండవలెను; గోడ మొదట రాళ్లు పరచవలెను, లేనిచో క్రిందుగా త్రవ్వుకొని పోవును. పలువురితోను, తోటి కుక్కలతోను కలిసి బ్రతికిన జాతి గనుక మనుష్యులందరును దానికి చుట్టములే. కావలికై కొనువారు ఈ జాతిని విడిచిపెట్టుట మంచిది. మొరుగుట తక్కువ, ఊళ ఎక్కువ. దినమెల్ల ఒంటరిగా విడిచినచో ఆ ఊళ మీకంటె ముందు పొరుగువారికి తెలియును.

ఇక మన వేసవి. హస్కీకి రెండు వరుసల బొచ్చు: లోపల మెత్తని నూగు, పైన పొడుగు వెండ్రుకలు. సున్నకు 40 డిగ్రీల దిగువనున్న చలిలో పరుండుటకు చేసిన దుప్పటి అది. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పోయదు. నాలుక చాచి వగర్చి, తడి ఆరుటచేతనే చల్లబడును. గాలిలో తేమ అధికమైనచో ఆ తడి ఆరదు. అందుచే విశాఖపట్టణపు ఉక్కలో ఉష్ణమాపకము తక్కువ చూపినను కుక్కకు బాధ తక్కువని తలపరాదు. అచ్చట నీటితో నడచు కూలరువలన ప్రయోజనము స్వల్పము. వేసవి పగలు చల్లని గది, ఎల్లవేళల మంచినీరు ఉండితీరవలెను. నడకకు సూర్యోదయమునకు ముందో, రాత్రియో తీసికొని పోవలెను. రోడ్డుపై అరచేతి వెనుకవైపు ఆనించి, కాలుచున్నచో మరలవలెను. తూలుచు, చొంగ కార్చుచు, విపరీతముగా వగర్చినచో అది వడదెబ్బ: వెంటనే నీటితో తడిపి, గాలి తగులునట్లు చేసి, ఆలసింపక పశువైద్యునివద్దకు కొనిపోవలెను. పాపమని బొచ్చు గొరిగించువారున్నారు. ఆ పని చేయరాదు. ఎండ నేరుగా చర్మమునకు తగులును, మరల మొలచు బొచ్చు మునుపటివలె ఉండకపోవచ్చును. ఏటికి ఒకటి రెండుసార్లు లోనూగు పాయలుపాయలుగా రాలును. ఆ వారములలో ప్రతిదినము దువ్వుటయే సేవ. ఇల్లు తెల్లనైనచో కోపింపరాదు.

తిండి విషయమున కష్టము లేదు. పరిమాణమునకు తగినదానికంటె తక్కువే తినును. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరయు పులుసును పెట్టరాదు, ద్రాక్షయు కూడదు. కన్నుల చుట్టు, మూతి చుట్టు పొక్కులు కట్టి ఎండుచున్నచో జింకు కొరత కావచ్చును. ఈ జాతిలో అది కలదు, చికిత్స పశువైద్యుడు చెప్పును.

డిసెంబరు, జనవరి నెలల వేకువలు మన ప్రాంతమున దీనికి మంచికాలము. మెడపట్టెకు బదులు రొమ్ముపట్టీ తొడిగి, పట్టుకొనువారు బలముగలవారై, ఒక గంట లాగనిచ్చినచో, ఆ దినము పెరడు త్రవ్వుట చాలవరకు తగ్గును.