గూఢలిపి గుట్టు విప్పిన ముగ్గురు

మీలో చాలామంది ‘క’ భాష మాట్లాడే ఉంటారు. ప్రతి అక్షరానికీ ముందు ఒక ‘క’ చేర్చి గబగబా మాట్లాడితే పక్కవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. ‘కరే కపు కరా’ అంటే ‘రేపు రా’ అన్నమాట! కిటుకు తెలిసినవాళ్లకు అది మామూలు మాట; తెలియనివాళ్లకు అంతా గందరగోళం.

ఆటలో సరదాగా వాడే ఈ కిటుకే రాజులకూ, రాయబారులకూ, సేనాపతులకూ ప్రాణావసరం. ఉత్తరం దారిలో శత్రువు చేతిలో పడినా వాడికి అర్థం కాకూడదు గదా! అందుకని అక్షరాలకు బదులు వేరే గుర్తులు పెట్టి రాస్తారు. అలా రాసినదాన్ని గూఢలిపి అంటారు. ఏ గుర్తు ఏ అక్షరానికి బదులో తెలిపే పట్టికే దానికి తాళంచెవి.

మరి ఆ తాళంచెవి పోతే? పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో అటువంటి ఉత్తరాల కట్ట ఒకటి ఉంది. వింత వింత గుర్తులతో నిండిన ఆ కాగితాలు ఎవరు రాశారో, ఎవరికి రాశారో, ఏ భాషలో రాశారో అక్కడ ఎవరికీ తెలియదు. 16వ శతాబ్దం మొదటి సగంలో ఇటలీ వ్యవహారాలకు సంబంధించినవని జాబితాలో రాసి పెట్టారు. ముగ్గురు స్నేహితులు కలిసి ఆ తాళం ఎలా తీశారో తెలుసుకుందాం. ముందుగా అసలు తాళం అంటే ఏమిటో చూద్దాం.

తేలిక తాళం, గట్టి తాళం

‘క’ నుంచి ‘ళ’ వరకు హల్లులను వరసగా రాయండి. మొత్తం 34 వస్తాయి. ఇప్పుడు ప్రతి హల్లుకూ బదులు దాని తరువాతి హల్లు రాయండి. గుణింతపు గుర్తులను మాత్రం కదిలించకండి. అప్పుడు ‘రాణి కోట’ కాస్తా ‘లాతి ఖోఠ’ అవుతుంది. చూడటానికి ఏదో కొత్త భాషలాగా ఉంది కదూ!

కాని ఇది చాలా తేలిక తాళం. ఒక అక్షరం జరిపారా, రెండా, మూడా అని వరసగా ప్రయత్నిస్తే 33 ప్రయత్నాల్లో గుట్టు బయటపడుతుంది. కాగితం, పెన్సిలు ఉంటే ఒక గంట పని.

వరసగా జరపకుండా, ఇష్టం వచ్చినట్టు ఒక్కో హల్లుకు ఒక్కో గుర్తు పెడితే? అప్పుడు సాధ్యమయ్యే తాళంచెవుల సంఖ్యలో 39 అంకెలుంటాయి! సెకనుకు నూరు కోట్ల చొప్పున ప్రయత్నించే యంత్రం ఉన్నా, విశ్వం వయస్సయిన 1380 కోట్ల సంవత్సరాలు కూడా ఆ పనికి చాలవు. ఇక ఈ తాళం తీయడం అసాధ్యమనే అనిపిస్తుంది.

అసాధ్యం కాదని 9వ శతాబ్దంలోనే అల్-కిందీ అనే అరబ్బు పండితుడు నిరూపించాడు. ఆయన చెప్పిన ఉపాయం ఏమిటంటే, లెక్కపెట్టడం! ఏ భాషలోనైనా అన్ని అక్షరాలూ సమానంగా రావు. మీ తెలుగు వాచకంలో ఏదో ఒక పేజీ తీసుకుని లెక్కపెట్టి చూడండి. ‘న’, ‘ర’, ‘ల’ వంటివి అడుగడుగునా కనిపిస్తాయి. ‘ఝ’ కోసం వెదుక్కోవాలి. ‘ఙ’ అసలు దొరక్కపోవచ్చు. ఫ్రెంచి భాషలోనూ ఇంగ్లీషులోనూ ‘ఇ’ అనే అక్షరానిదే మొదటి స్థానం. గూఢలిపిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే గుర్తు ఆ భాషలో ఎక్కువగా వచ్చే అక్షరమే కావచ్చు. మనిషి వేషం మార్చినా నడక మారనట్టే, అక్షరం వేషం మార్చినా దాని అలవాటు మారదు.

గూఢలిపి రాసేవాళ్లు మాత్రం ఊరుకుంటారా? వాళ్లు ఇంకో ఎత్తు వేశారు. ఎక్కువగా వచ్చే అక్షరానికి ఒక్క గుర్తు కాకుండా మూడు నాలుగు గుర్తులు పెట్టారు. ఉదాహరణకు ఒక పేజీలో ‘న’ 60 సార్లు వస్తుందనుకోండి. దానికి నాలుగు గుర్తులు పెట్టి మార్చి మార్చి రాస్తే ఒక్కో గుర్తు 15 సార్లే కనిపిస్తుంది. లెక్కపెట్టేవాడు బోల్తాపడతాడు! దీనికి తోడు కొన్ని పూర్తి మాటలకూ, మనుషుల పేర్లకూ, ఊళ్లకూ విడివిడి గుర్తులు పెట్టారు. పారిస్ గ్రంథాలయంలోని ఉత్తరాలు ఇలాంటి గట్టి తాళం వేసినవే.

ముగ్గురు కలిశారు

గ్రంథాలయం తన పాత కాగితాలకు ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. దానివల్ల ప్రపంచంలో ఏ మూలనున్నవారైనా వాటిని చూసే వీలు కలిగింది. పాత గూఢలిపుల కోసం ఇలాంటి సేకరణలను గాలిస్తున్న ముగ్గురి కంట ఈ ఉత్తరాలు పడ్డాయి. వారిలో జార్జ్ లాస్రీ కంప్యూటర్ శాస్త్రవేత్త. నార్బర్ట్ బీర్మన్ జర్మనీలో సంగీతాచార్యుడు, పియానో వాద్యకారుడు. సతోషి తోమోకియో జపాన్‌కు చెందిన భౌతికశాస్త్రవేత్త, పేటెంట్ల నిపుణుడు. గమనించారా? ముగ్గురిలో ఒక్కరూ వృత్తిరీత్యా చరిత్రకారుడు కాదు!

మొదటి పని కంప్యూటర్ చేసింది కాదు, కళ్లూ చేతులూ చేసినవి. ఆ వింత గుర్తులు ఏ యంత్రం మీటల మీదా ఉండవు. ఫోటోలో ఒక్కో గుర్తునూ చూసి, ఇది ఫలానా గుర్తు అని ఓపికగా నమోదు చేసుకోవాలి. నాలుగు వందల ఏళ్లనాటి చేతిరాతలో ఒక చుక్క తేడాతో గుర్తు మారిపోతుంది. ఇక్కడ తప్పు జరిగితే తరువాత చేసే లెక్కలన్నీ తప్పుతాయి.

ఆ తరువాత కంప్యూటర్ వంతు. అది పనిచేసిన పద్ధతికి ‘కొండెక్కడం’ అని పేరు. దట్టమైన పొగమంచులో కొండ ఎక్కుతున్నారనుకోండి. శిఖరం కనిపించదు. అయినా ఒక అడుగు వేసి, పైకి వెళ్లామనిపిస్తే అక్కడే నిలబడతారు. కిందికి దిగామనిపిస్తే వెనక్కు వచ్చి మరోవైపు అడుగు వేస్తారు. కంప్యూటర్ కూడా అంతే. మొదట గుడ్డిగా ఒక తాళంచెవిని ఊహిస్తుంది. అందులో ఒక చిన్న మార్పు చేస్తుంది. వచ్చిన రాత అసలు భాషకు కొంచెం దగ్గరైతే ఆ మార్పును ఉంచుకుంటుంది. లేకపోతే వదిలేస్తుంది. ఇలా వేలకొద్దీ అడుగులు వేస్తుంది. చిన్న గుట్టమీద చిక్కుకుపోతే కిందికి దిగి మరోచోటి నుంచి మళ్లీ మొదలుపెడుతుంది.

అయితే ‘అసలు భాష’ ఏది? జాబితాలో ఇటలీ అని ఉంది కాబట్టి ఇటాలియన్ అనుకుని ప్రయత్నించారు. ఫలితం లేదు. జాబితా మాట పక్కన పెట్టి ఫ్రెంచి అనుకుని ప్రయత్నించారు. అక్కడక్కడా మాటల ముక్కలు పైకి తేలడం మొదలైంది!

ఆ ముక్కలను మనుషులు చదివి ఆలోచించారు. రాసినవారు తమను గురించి చెప్పుకునేటప్పుడు స్త్రీలింగ రూపాలు వాడారు. కాబట్టి రాసింది ఒక స్త్రీ. ‘నా స్వేచ్ఛ’ అన్న మాట వచ్చింది. అంటే ఆమె బందీ కావచ్చు. ‘నా కొడుకు’ అన్న మాట వచ్చింది. అంటే ఆమె తల్లి. చివరకు ఒక పేరు బయటపడింది: వాల్సింగ్‌హామ్. దానితో ముగ్గురికీ దారి కనిపించింది. ఫ్రాన్సిస్ వాల్సింగ్‌హామ్ ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ మంత్రి, ఆమె గూఢచారులకు నాయకుడు. అతని కాలంలో ఇంగ్లండులో బందీగా ఉండి, ఫ్రెంచిలో ఉత్తరాలు రాసిన తల్లి ఎవరు? స్కాట్లండు రాణి మేరీ!

ఉత్తరాలలో ఏముంది?

మేరీ 1542లో పుట్టింది. ఆరు రోజుల పసికందుగా ఉండగానే స్కాట్లండుకు రాణి అయింది. 1567లో ప్రభువులు ఆమెను సింహాసనం నుంచి దింపి, ఏడాది వయసున్న ఆమె కొడుకు జేమ్స్‌ను రాజును చేశారు. మరుసటి సంవత్సరం ఆమె తన బంధువైన ఎలిజబెత్ శరణు కోరి ఇంగ్లండుకు వచ్చింది. అయితే ఇంగ్లండు సింహాసనం మీద మేరీకి కూడా హక్కు ఉంది. అందువల్ల శరణు కోరివచ్చిన ఆమెను 19 సంవత్సరాలు బందీగా ఉంచారు.

పారిస్‌లో దొరికిన ఉత్తరాలు మొత్తం 57. అవి 1578 నుంచి 1584 వరకు రాసినవి. దాదాపు అన్నీ లండనులోని ఫ్రెంచి రాయబారి మిషెల్ ద కాస్తెల్నోకు మేరీ రాసినవే. మొత్తం 50,000 మాటల దాకా ఉంటాయి. వాటిలో సుమారు 50 ఉత్తరాల సంగతి అంతవరకు చరిత్రకారులకు తెలియదు. తన విడుదల కోసం జరుగుతున్న సంప్రదింపులు, చెరలో తన అనారోగ్యం, వాల్సింగ్‌హామ్ మీద అపనమ్మకం అన్నీ వాటిలో ఉన్నాయి. 1582లో స్కాట్లండు ప్రభువులు కొందరు ఆమె కొడుకును నిర్బంధించారు. ఆ వార్త విన్న తల్లి వేదన కూడా ఆ గుర్తుల వెనుకే దాగి ఉంది. ముగ్గురూ తమ పరిశోధనను 2023 ఫిబ్రవరిలో ‘క్రిప్టోలోజియా’ అనే పత్రికలో ప్రచురించారు.

సరి అని ఎలా తెలుసు?

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేయాలి. ‘వాళ్లు తమకు తోచినట్టు చదువుకోలేదని నమ్మకమేమిటి?’ మంచి ప్రశ్న! చదవడానికి బాగున్నంత మాత్రాన జవాబు సరైనది కాదు. ఒక వాక్యానికి సరిపడే తాళంచెవిని తెలివైనవాడు ఎవడైనా కల్పించగలడు. కాని అదే తాళంచెవి ఏ మార్పూ లేకుండా 57 ఉత్తరాలనూ తెరవాలి. ప్రతి ఉత్తరంలోనూ అర్థవంతమైన ఫ్రెంచి రావాలి. అందులోని సంఘటనలు చరిత్రలోని తేదీలతో సరిపోవాలి.

వీటన్నిటికీ మించిన సాక్ష్యం ఇంకొకటి దొరికింది. ఫ్రెంచి రాయబారి ఇంట్లోనే వాల్సింగ్‌హామ్ మనిషి ఒకడు ఉండేవాడు. అతడు కొన్ని ఉత్తరాల అసలు పాఠాలను రహస్యంగా చేరవేశాడు. ఆ నకళ్లు ఇంగ్లండులో భద్రంగా ఉన్నాయి. ముగ్గురూ చదివిన పాఠం ఆ నకళ్లతో సరిపోయింది! గణితంలో లెక్క చేశాక జవాబును సరిచూసుకుంటాం. విజ్ఞానశాస్త్రంలో ప్రతిపాదనను ప్రయోగంతో పరీక్షిస్తాం. గూఢలిపికీ అదే నియమం.

ఇందులో మరో పాఠం కూడా ఉంది. తాళం ఎంత గట్టిదైనా, ఇంట్లోవాడే దొంగకు తలుపు తీస్తే ఏం లాభం? 1586లో మేరీకి ఇది ప్రాణాల మీదకు తెచ్చింది. ఎలిజబెత్‌ను చంపి మేరీని విడిపించాలని ఆంథొనీ బాబింగ్టన్ అనే యువకుడు కుట్ర పన్నాడు. ఆమెకూ అతనికీ మధ్య వేరొక గూఢలిపిలో ఉత్తరాలు నడిచాయి. వాటిని బీరు పీపాలలో దాచి కోటలోకీ బయటికీ చేరవేశారు. చేరవేసేవాడు వాల్సింగ్‌హామ్ మనిషే. థామస్ ఫెలిప్స్ అనే నిపుణుడు ప్రతి ఉత్తరాన్నీ చదివేశాడు. ఎవరూ చదవలేరన్న ధీమాతో మేరీ రాసిన మాటలే విచారణలో ఆమెపై సాక్ష్యమయ్యాయి. 1587 ఫిబ్రవరి 8న ఫాదరింగే కోటలో ఆమెకు శిరచ్ఛేదం చేశారు.

ఇప్పుడు మీ వంతు

నలుగురు మిత్రులు కలిసి ఈ గూఢలిపిని విప్పండి:

గశళి షెనిగిదే నావి నొవుగుదుంని

హల్లులను మాత్రమే వరసలో కొన్ని స్థానాలు జరిపాం. ‘ళ’ తరువాత మళ్లీ ‘క’ వస్తుంది. గుణింతాలూ సున్నా అలాగే ఉన్నాయి. ఒకరు హల్లుల వరస రాయండి. ఒకరు ఏ హల్లు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒకరు ఊహించండి. తెలుగు వాక్యాలు చాలావరకు ఎలా ముగుస్తాయో ఆలోచిస్తే చివరి మాట దారి చూపుతుంది. నాలుగోవారు ఆ ఊహ మిగిలిన మాటలకూ సరిపోతుందో లేదో చూడండి. ఒక్క మాట దగ్గర సరిపోకపోయినా ఊహ మార్చుకోవలసిందే! ఆ తరువాత మీరే ఒక గూఢలిపి తయారుచేసి పక్క తరగతివాళ్లకు ఇవ్వండి.

(జవాబు: రెండు స్థానాలు జరిపాం. చివరనున్న ‘దుంని’ అంటే ‘తుంది’. వాక్యం: కలసి వెదికితే దారి దొరుకుతుంది.)