అద్దె గదిలో దాచిన సామాను – పూచీ, బీమా, షరీఅత్

ముదిగుబ్బ నుండి బ్రతుకుతెరువు కోసం బెంగుళూరుకో, గల్ఫ్ దేశాలకో వెళ్ళే కుటుంబానికి ఇల్లు ఖాళీ చేసే రోజున ఒక చిక్కు ఎదురవుతుంది. బీరువా, మంచాలు, కుట్టుమిషను, వంటపాత్రలు, పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీరెలు ఎక్కడ వుంచాలి? పూర్వం అన్నదమ్ముల ఇంట్లోనో, ఇరుగుపొరుగు వారి వద్దనో వుంచేవారు. ఇప్పుడు కొందరు ఒక గది అద్దెకు తీసుకొని తాళం వేసుకొని పోతున్నారు. నగలను బ్యాంకు లాకరులో పెడుతున్నారు. పెద్ద నగరాలలోనైతే సామాను దాచుకోవడానికే గదులు అద్దెకిచ్చే సంస్థలు వెలిశాయి. ఆ సామాను కాలిపోతే, దొంగలు ఎత్తుకుపోతే నష్టం ఎవరిది? దానికి బీమా చేయించడం ధర్మసమ్మతమా? ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా పరిశీలించడం మంచిది.

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని దివ్యఖుర్ఆన్ నిసా సూరా 58వ ఆయతులో ఆదేశిస్తున్నది. క్రీ.శ. 622లో మక్కాను విడిచి హిజ్రత్ చేసినప్పుడు దైవప్రవక్త (స) తమ వద్ద ప్రజలు దాచుకొన్న సొమ్మును తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (ర)ని అక్కడే వుంచి వెళ్ళారు. ప్రాణహాని తలపెట్టిన ఊరిలోనే ఆ బాధ్యత నెరవేరింది.

ఫిఖహ్ పండితులు ఇలా భద్రపరచమని అప్పగించిన వస్తువును 'వదీఅత్' అంటారు. ఉచితంగా దాచి పెట్టిన వ్యక్తి అశ్రద్ధ గాని, అతిక్రమణ గాని చేయకుండా వస్తువు నష్టమైతే అతడు పరిహారం ఇవ్వనక్కరలేదు. ఉపకారం చేసినవానిపై భారం మోపడం న్యాయం కాదుగదా! కాని దాచినందుకు కూలి తీసుకొంటే సంగతి మారుతుంది. ఉస్మానియా ప్రభుత్వం 1869–1876 మధ్య హనఫీ సంప్రదాయం ప్రకారం క్రోడీకరించిన న్యాయస్మృతి 'మజల్లా' ప్రకారం, జాగ్రత్తపడితే తప్పించగలిగే దొంగతనం వంటి కారణం చేత వస్తువు పోతే కూలి తీసుకొన్నవాడు పరిహారం చెల్లించాలి.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. రైతు వేరుశనగ బస్తాలను లెక్కపెట్టి గోదాము యజమానికి అప్పగించి రసీదు తీసుకొంటే అది వస్తువును అప్పగించడం. గది అద్దెకు తీసుకొని, తాళంచెవి తన జేబులోనే వుంచుకొంటే అది చోటును అద్దెకు తీసుకోవడం మాత్రమే. లోపల ఏమున్నదో గది యజమానికి తెలియదు, వస్తువు అతని చేతికి రాలేదు. అద్దె చెల్లించాము కనుక సామానుకు అతడే పూచీ అనుకోవడం పొరపాటు. నగరాలలోని సంస్థల ఒప్పందపత్రాలలో సాధారణంగా కనిపించే షరతు కూడా ఇదే: సామాను నష్టభారం సామాను గలవారిదే.

మన దేశపు చట్టమూ దాదాపు ఈ త్రోవలోనే నడుస్తున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ప్రకారం, వస్తువును స్వీకరించినవాడు సామాన్య వివేకం గలవాడు తన సొంత వస్తువు పట్ల చూపే జాగ్రత్త చూపితే చాలును. బ్యాంకు లాకర్ల విషయంలో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పిన పిమ్మట, రిజర్వు బ్యాంకు అదే సంవత్సరం ఆగస్టులో నిబంధనలను సవరించింది. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, కట్టడం కూలిపోవడం, సిబ్బంది మోసం వంటి వాటిలో బ్యాంకు పూచీ సాలు అద్దెకు నూరు రెట్లు. అద్దె 2,000 రూపాయలైతే పరిహారం 2 లక్షలు. లోపలి నగలు 8 లక్షల విలువైనవైతే మిగిలిన 6 లక్షలు ఎవరిస్తారు? లాకరులోని వస్తువులకు బీమా చేసే బాధ్యత బ్యాంకుకు లేదని కూడా ఆ నిబంధనలు స్పష్టం చేశాయి.

ఇక బీమా ప్రశ్న. దీనిని చర్చించిన తొలి ఫిఖహ్ పండితులలో డమాస్కస్ వాసి ఇబ్న్ ఆబిదీన్ (మరణం 1836) ప్రముఖులు. ఓడ సరుకుకు సొమ్ము పుచ్చుకొని పూచీపడేవాని విషయం పరిశీలించి, వస్తువు అతని చేతిలో లేదు, ఓడవాని చేతిలో వున్నది కనుక కూలికి దాచేవానితో అతనిని పోల్చరాదని ఆయన వాదించారు. ఆ పరిహారం వర్తకునికి హలాల్ కాదన్నారు. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ, నిర్ణీత ప్రీమియంతో జరిగే వ్యాపార బీమాలో 'గరర్' – అనగా ఒప్పందాన్ని చెరిచేటంత అనిశ్చితి – వున్నదని నిషిద్ధంగా పేర్కొని, పరస్పర సహాయంపై నిలిచే సహకార బీమాను అనుమతించింది. తకాఫుల్ సంస్థలు ఆ సూత్రం మీదనే నడుస్తాయి. వాటిలో మొదటిది 1979లో సూడానులో వెలసింది. సిరియా పండితుడు ముస్తఫా జర్ఖా వంటివారు మాత్రం వడ్డీ లేని పక్షంలో బీమా ఒప్పందం స్వతహాగా తప్పుకాదన్నారు. హైదరాబాదువారైన డా. ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) మదీనా ఒడంబడికలోని 'మఆఖిల్' పద్ధతిలో, అనగా నష్టపరిహారాన్ని తెగ అంతా పంచుకోవడంలో, సామాజిక బీమాకు మూలం చూశారు.

ముదిగుబ్బలో గాని, ధర్మవరంలో గాని తకాఫుల్ పాలసీ అమ్మే సంస్థ లేదు. అల్లర్లలో ఇళ్ళు, దుకాణాలు దగ్ధమయ్యే పరిస్థితులను దృష్టిలో పెట్టుకొని లక్నో నద్వాకు చెందిన పరిశోధక మండలి 1965లోను, భారత ఫిఖహ్ అకాడమీ 1990ల ఆరంభంలోను అవసరం మేరకు బీమాకు వెసులుబాటు చూపాయి. ఈ వ్యాసం ఫత్వా కాదు. తమ పరిస్థితిని తాము నమ్మిన ముఫ్తీకి విన్నవించుకొని నిర్ణయించుకోవాలి.

చేయించదలచినవారు పాలసీని చదివి సంతకం చేయాలి. అగ్నిప్రమాద పాలసీ వేరు, తాళం పగులగొట్టే దొంగతనానికి పాలసీ వేరు. 2021 ఏప్రిల్ నుండి అమలులో వున్న 'భారత్ గృహ రక్ష'లో దొంగతనానికి పరిహారం, అగ్ని వంటి ప్రమాదం జరిగిన 7 రోజుల లోపు దాని మూలంగా జరిగితేనే. ఇంటి చిరునామాకు వ్రాయించిన పాలసీ మరొక వీధిలోని అద్దె గదికి వర్తిస్తుందని భ్రమపడరాదు. ఆ చిరునామా పాలసీలో వుండాలి. చాలా పాలసీలలో 4 లక్షల సామానును 2 లక్షలకే బీమా చేస్తే, 1 లక్ష నష్టానికి 50 వేలే లభిస్తుంది. విలువ పెంచి చెప్పడం అబద్ధం, తగ్గించి చెప్పడం నష్టం.

బీమా చేయించినా, మానినా ఒక పని అందరికీ తప్పదు. సామాను జాబితా వ్రాసి, ఫోటోలు తీసి, రసీదులు జతపరచి, ఒక ప్రతిని నమ్మకస్తుని వద్ద వుంచాలి. తాళంచెవి ఎవరి వద్ద వుంటుందో, పూచీ ఎవరిదో ఒప్పందంలో వ్రాయించుకోవాలి. బాకీల వ్యవహారాన్ని వ్రాసి వుంచమని, సాక్షులను పెట్టమని బఖరా సూరా 282వ ఆయతు నేర్పిన క్రమశిక్షణ ఇక్కడా పనికివస్తుంది. ఒంటెను కట్టివేసి ఆ పిమ్మట దైవంపై భారం వేయమన్నదే ప్రవక్త (స) బోధ. కట్టడం మన పని. కాపాడడం ఆయన దయ. అల్లాహ్‌యే బాగా ఎరిగినవాడు.