వార్తల్లో పదం: అర్హత పర్సెంటైల్

దంతవైద్య కోర్సు బీడీఎస్‌కు విడిగా ప్రవేశ పరీక్ష లేదు; ఎంబీబీఎస్‌ కోసం రాసే నీట్ ర్యాంకే దీనికీ ఆధారం. కౌన్సెలింగ్‌కు అర్హత దక్కాలంటే మామూలుగా జనరల్ అభ్యర్థులకు 50వ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40వ పర్సెంటైల్ రావాలి. 50వ పర్సెంటైల్ అంటే 720కి 360 మార్కులు కాదు, పరీక్ష రాసినవారిలో సగం మందిని దాటడం. పేపర్ కఠినంగా వస్తే ఆ గీత దగ్గరి మార్కులూ దిగుతాయి. సీట్లు మిగిలినప్పుడల్లా గీతను ఇంకా దించాలన్న డిమాండ్ లేస్తుంది.

దించితే ప్రమాణాలు పడిపోతాయన్నది ప్రధాన అభ్యంతరం. 2020-21లో దాదాపు 7,000 సీట్లు మిగిలినప్పుడు కేంద్రమూ ఒప్పుకోలేదు. ఒక్కో సీటుకు ఏడుగురు అర్హులున్నారంది. ఆ ఏడుగురిలో ఎంబీబీఎస్, ఆయుష్ కోరుకునేవారూ ఉన్నారన్నది ఆ లెక్కలో మరుగున పడింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, ఆ ఏడాదికి 10 పర్సెంటైల్ తగ్గించమంది. అది సబబే. భౌతికశాస్త్రంలో నాలుగు ప్రశ్నలు తప్పినవాడు పన్ను సరిగా తీయలేడనడానికి ఆధారమేదీ? ఆ నేర్పు కాలేజీలో, అక్కడి పరీక్షల్లో తేలాలి. అయితే గీత దించినంత మాత్రాన సీట్లు నిండవు. ఫీజులు తగ్గించే సంగతి ఆలోచించమని అదే తీర్పు ప్రైవేటు కాలేజీలకు చెప్పింది. అసలు చిక్కు అక్కడే ఉంది. గీత దిగితే విద్యార్థికి దక్కేది అర్హత మాత్రమే, ఫీజు తక్కువగా ఉండే కన్వీనర్ కోటా సీటు కాదు.