చుట్టల పెట్టె

తపాలా బిళ్ళలు పోగుచేసేవారిని చూశాం. నాణాలు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు దాచుకునేవారినీ చూశాం. ఆ వస్తువులకు ఒక సుగుణం ఉన్నది. బీరువాలో పెట్టి తాళం వేస్తే పదేళ్ళ తర్వాత తీసినా దాదాపు అట్లాగే ఉంటాయి. చుట్టలు పోగుచేసేవాడికి ఆ నిశ్చింత లేదు. చుట్ట ఎండిన ఆకే అయినా, గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. తేమ తగ్గితే పెళుసెక్కి పగులుతుంది. హెచ్చితే బూజు పడుతుంది. వేడి పెరిగితే పురుగు పుడుతుంది. కొనడానికి డబ్బుంటే చాలు, కాపాడటానికి ఓపిక కావాలి.

ఈ సరదాలో దిగి నాకు అయిదేళ్ళయింది. కొత్తగా దిగేవారికి పనికివచ్చే నాలుగు సంగతులూ, ఇంట్లో ఆడవాళ్ళు తప్పకుండా అడిగే ఒక ప్రశ్నకు సమాధానమూ ఇక్కడ చెబుతాను.

చుట్టకూ సిగారుకూ చుట్టరికం

ఇంగ్లీషువారి ‘చెరూట్’ అనే మాట తమిళుల ‘సురుట్టు’ నుంచి పోయిందే. మన ‘చుట్ట’కు అది దగ్గరి బంధువు. తిరుచిరాపల్లి చుట్టల పేరు ఎంత దూరం పాకిందంటే, 1887లో వచ్చిన మొట్టమొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో, ఆ డిటెక్టివు నేలమీది బూడిద చూసి హంతకుడు కాల్చినది తిరుచిరాపల్లి చుట్ట అని తేల్చేస్తాడు. ఇక మన గిరీశంగారి చుట్ట సంగతి సరేసరి!

చెరూటుకు రెండు కొసలూ తెరిచే ఉంటాయి. సిగారుకు నోట పెట్టుకునే కొసను చిన్న ఆకుముక్కతో మూస్తారు. కాల్చేవారు దాన్ని కత్తిరించుకోవాలి. సిగారులో మూడు భాగాలున్నాయి: లోపలి ఆకుల మడత, దాన్ని బిగించి ఉంచే కట్టు ఆకు, అందం కోసం నున్నటి పై ఆకు. క్యూబాలో పినార్ దెల్ రియో ప్రాంతపు ఆకు జగత్ప్రసిద్ధం. మనకు గోదావరి లంకలున్నాయి. వరద తెచ్చి పోసిన ఒండ్రులో పండే లంక పొగాకు చుట్టలకే ప్రసిద్ధి. నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి గాని, ఒకే డబ్బాలో పెట్టను. లంక చుట్ట ఘాటు పక్కదానికి అంటుకుంటుంది.

క్యూబా చుట్టల కర్మాగారాల్లో ఒక చక్కని ఆచారం ఉన్నది. 1865లో హవానాలో మొదలైంది. కార్మికులు వరుసగా కూర్చుని చుట్టలు చుడుతుంటే, ఎత్తైన పీట మీద ఒకరు కూర్చుని పత్రికలూ నవలలూ బిగ్గరగా చదివి వినిపిస్తారు. ఆ చదివేవారికి జీతం కార్మికులే తలా కాస్త వేసుకుని ఇచ్చేవారట! వచ్చేవారం సీరియల్ కోసం ఎదురుచూసే మనకు వారి సరదా తెలియనిది కాదు. 1935లో పుట్టిన ‘మాంటెక్రిస్టో’ చుట్టలకు ఆ పేరు డ్యూమా నవల నుంచే వచ్చింది.

ఎన్ని కొనాలి?

1962 ఫిబ్రవరిలో క్యూబా సరుకుల మీద నిషేధం విధించేముందు, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తన పత్రికా కార్యదర్శి సాలింజర్‌ను పంపి 1,200 క్యూబా చుట్టలు తెప్పించుకుని, ఆ తరువాతే సంతకం చేశాడట. ఈ సంగతి సాలింజరే బయటపెట్టాడు. కొత్తవారికి ఆ మార్గం కూడదు. పది చాలు. అవీ ఒకే రకం వద్దు. క్యూబా, నికరాగువా, హోండూరాస్, డొమినికన్ రిపబ్లిక్ – ఇట్లా దేశానికి ఒకటి రెండు, మన లంక చుట్టలు రెండు తీసుకుంటే ఆకుల్లోని తేడా కంటికీ ముక్కుకీ తెలుస్తుంది. ప్రతిదానికీ ఎప్పుడు, ఎక్కడ కొన్నదీ చీటీ వ్రాసి పెట్టుకోవాలి.

పెట్టె, తేమ

సిగారుకు నూటికి 65 నుంచి 70 పాళ్ళ తేమ, 18 నుంచి 21 డిగ్రీల సెంటిగ్రేడు వేడి అనుకూలం. ఇందుకోసం చేసే పెట్టెల లోపల ‘స్పానిష్ సెడార్’ పలక వేస్తారు. అది స్పెయిన్‌దీ కాదు, దేవదారూ కాదు. ఉష్ణమండలపు అమెరికాలో పెరిగే చెట్టు, మన వేప కుటుంబానికి చెందినది! ఆ పెట్టె ఖరీదు ఎక్కువ. మొదట్లో గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా చాలు. అందులో తేమ పొట్లం ఒకటి వెయ్యాలి. 65 అనో, 69 అనో అంకె వేసి అమ్ముతారు. తేమ తగ్గితే ఇస్తుంది, ఎక్కువైతే తీసుకుంటుంది.

తేమను కొలిచే హైగ్రోమీటరును గుడ్డిగా నమ్మకూడదు. ఒక సీసామూతలో ఉప్పు పోసి, తడిసి ముద్దయ్యేంత నీరు చిలకరించి, ఆ యంత్రంతో సహా ఒక సంచిలో మూసి ఒకరోజు ఉంచండి. ముల్లు 75 చూపాలి. ఎంత తేడా ఉంటే అంత లెక్కలో సవరించుకోవాలి.

చలిదేశాలవారు వ్రాసిన పుస్తకాలు తేమ ఎట్లా కలపాలో నేర్పుతాయి. వానాకాలంలో కాకినాడలోనో, విశాఖలోనో ఉన్నవారికి కష్టం తద్విరుద్ధం. అనంతపురం ఎండల్లో మళ్ళీ మొదటి కష్టమే. ఎక్కడైనా సరే, డబ్బాను వంటింటి గోడకు దూరంగా, లోపలి గదిలో, బీరువా కింది అరలో ఉంచాలి. బట్టల పెట్టెలో వేసినట్లు కర్పూరమో, నాఫ్తలీన్ ఉండలో మాత్రం వెయ్యకండి. చుట్ట ఆ వాసనే పట్టుకుంటుంది.

వంటింటి శత్రువు

మన పసుపు కొమ్ములకూ, ధనియాలకూ, ఎండు మిరపకాయలకూ పట్టే గోధుమరంగు చిన్న పురుగు ఒకటున్నది. చుట్టలకు పట్టేదీ అదే! ఆకులో గుడ్లు ముందే ఉండవచ్చు. వేడి 25 డిగ్రీలు దాటితే బయటపడతాయి. పై ఆకు మీద గుండుసూది పట్టేంత రంధ్రం, కింద సన్నటి పొడి కనిపిస్తే పురుగు పని మొదలైనట్లే. అందుకే కొత్తగా వచ్చిన చుట్టలను సంచిలో గట్టిగా మూసి, మూడు రోజులు డీప్ ఫ్రీజరులో, ఒకరోజు మామూలు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత డబ్బాలో చేరుస్తాను. చల్లగా ఉంటుంది గదా అని ఫ్రిజ్‌లోనే వదిలేస్తే ఆకు ఎండి, నిన్నటి పులుసు వాసన పడుతుంది.

అసలు ప్రశ్న

“ఏమండీ, ఇవి కాల్చేందుకా, చూసుకునేందుకా?” అని మా ఆవిడ మొదటి రోజే అడిగింది. చూసుకునేందుకే అన్నాను. అందుకు కారణమున్నది.

మా నాయనమ్మ శ్రీకాకుళం వైపు పల్లెలో అడ్డపొగ తాగేది. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకోవడమే అడ్డపొగ. “గాలికి ఆరిపోదు నాయినా” అనేది. అంగిట్లో పుండు లేచింది. విశాఖ తీసుకువెళ్ళేసరికి కాన్సరు ముదిరింది. ఆఖరి నెలల్లో గంజి మింగడానికి కూడా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అడ్డపొగ వల్ల అంగిటి కాన్సరు వస్తుందని వైద్యులు ఏనాడో తేల్చారు. “సిగారు పొగ గుండెల్లోకి పీల్చం గనుక భయం లేదు” అనే మాటా తప్పే. నోటికీ గొంతుకూ ముప్పు ఉండనే ఉంటుంది. మహా మేధావి ఫ్రాయిడ్‌కు 1923లో నోటి కాన్సరు బయటపడింది. 1939లో పోయేలోగా ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. అయినా ఆయన సిగారు వదలలేకపోయాడు.

అందుకని నా పెట్టెలో ఒక్కటీ వెలగలేదు. ఆ నేల, ఆ ఆకు, దాన్ని చుట్టిన చేతి నేర్పు నాకు ఇష్టం. నిప్పుతో నాకు పని లేదు. పిల్లలున్న ఇల్లు గనుక పెట్టెకు తాళం కూడా ఉన్నది. 18 ఏళ్ళలోపు వారికి పొగాకు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం. అంగట్లో ఉన్న నియమం ఇంట్లోనూ ఉండటం మంచిది.

కొత్తగా మొదలుపెట్టేవారు పదితో మొదలుపెట్టండి. పదిహేను రోజులకొకసారి మూత తీసి, ప్రతిదాన్నీ తిప్పి చూసి, మళ్ళీ మూయండి. ఏడాది తిరిగేసరికి ఆ పదీ చెక్కుచెదరకుండా ఉంటే పదకొండోది కొనండి. లేకపోతే తపాలా బిళ్ళలు ఉండనే ఉన్నాయి!